కాలేజీ లీగ్ చెదిరినప్పుడు జోన్లు మళ్లీ గీసే పద్ధతి

లీగ్ నుంచి ఒక కాలేజీ తప్పుకుంటోందని కబురు రాగానే చాలామంది కన్వీనర్లు పాత ఫిక్చర్ కాగితం (ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో రాసిన పట్టిక) తీసి, ఆ పేరు కొట్టేసి, ఆ ఖాళీలో దొరికిన జట్టును కూర్చోబెడతారు. ఆ ఏడాది గండం గడుస్తుంది. మరుసటి ఏడు ఇంకో రెండు కాలేజీలు పోతాయి. మొదటి జట్టు ఎందుకు పోయిందో ఎవరూ అడగలేదు కాబట్టి, అది ఏ బాధతో పోయిందో ఆ బాధ మిగిలిన జట్లకూ అలాగే ఉండిపోతుంది. ఒక జట్టు పోయిందంటే ఖాళీ పూడ్చే పనికి ముందు జోన్లు, ఖర్చులు, నిబంధనలు మూడూ బల్ల మీద పెట్టి మళ్లీ చూసుకోవాలి.

కర్నూలు, అనంతపురం, కడప వైపు కాలేజీలు కలిసి సొంతంగా నడుపుకునే లీగ్‌ల కోసం ఇది రాస్తున్నాం. యూనివర్సిటీ పెట్టే ఇంటర్ కాలేజియేట్ పోటీలు వేరు. అక్కడ ఆ యూనివర్సిటీకి అఫిలియేట్ అయిన కాలేజీలే ఆడతాయి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లే జట్టు ఎంపిక కూడా అక్కడే జరుగుతుంది. కాలేజీలు కలిసి పెట్టుకున్న లీగ్‌కు ఆ అధికారం లేదు. ఈ తేడా విద్యార్థులకు సీజన్ మొదట్లోనే చెప్పాలి. లీగ్‌లో బాగా ఆడితే యూనివర్సిటీ జట్టులోకి నేరుగా తీసుకుంటారనుకుని సెలక్షన్ ట్రయల్స్‌కు పోకుండా ఉండిపోయే పిల్లలు ఉంటారు.

మన దగ్గర ఈ గీతలు ఎన్నిసార్లు మారాయో గుర్తు చేసుకుంటే సమస్య తేలిగ్గా అర్థమవుతుంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అనంతపురం జేఎన్‌టీయూ కూడా 2008లోనే విడిగా యూనివర్సిటీ అయ్యింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాలు వేరుపడ్డాయి. కాగితం మీద గీత మారిన ప్రతిసారీ ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు ఆడుకున్న కాలేజీలు వేర్వేరు గూళ్లలో పడ్డాయి. రోడ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

పసిఫిక్ తీరంలో ఏం జరిగింది

ఇదే కష్టం చాలా పెద్ద ఎత్తున అమెరికాలో వచ్చింది. అక్కడ యూనివర్సిటీల జట్లు ‘కాన్ఫరెన్స్’ అనే కూటములుగా ఆడతాయి. పశ్చిమ తీరంలోని పాక్-12 కూటమి మూలాలు 1915 నాటివి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌కు చెందిన యూఎస్‌సీ, యూసీఎల్ఏ రెండూ బిగ్ టెన్ కూటమికి పోతున్నామని ప్రకటించాయి. పాక్-12కు డబ్బు తెచ్చే టీవీ ఒప్పందం 2024లో ముగియాల్సి ఉంది, కొత్తది అప్పటికి ఇంకా చేతికి రాలేదు. ఈలోగా బిగ్ 12 కూటమి 2022 అక్టోబరులోనే ఈఎస్‌పీఎన్, ఫాక్స్ టీవీ సంస్థలతో తన కొత్త ఒప్పందం ఖాయం చేసేసుకుంది. 2023 జులైలో కొలరాడో బిగ్ 12కు వెళ్లిపోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఓరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు పోతున్నట్టు తేలిపోయింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఏసీసీకి పోతున్నట్టు ఖాయమైంది. ఏసీసీ అంటే అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కూటమి. పన్నెండింట్లో ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి.

తర్వాత జరిగింది మన కన్వీనర్లు ఇంకా శ్రద్ధగా చూడాలి. పోతున్న పది యూనివర్సిటీలకు కూటమి బోర్డులో ఓటు ఉంటుందా, కూటమి డబ్బు ఎవరిది అన్న తగాదా కోర్టుకెక్కింది. మిగిలిన ఇద్దరికే బోర్డు మీద అధికారమని 2023 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని కోర్టు చెప్పింది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు డిసెంబరులో ఆ తీర్పును అలాగే ఉండనిచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ పై స్థాయిలో కూటమిగా గుర్తింపు నిలవాలంటే 8 పూర్తి సభ్యులుండాలి. తగ్గితే భర్తీ చేసుకోవడానికి రెండేళ్ల గడువుంటుంది. ఆ గడువును వాడుకుని ఇద్దరూ 2024 సెప్టెంబరులో బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్‌లను, తర్వాత యూటా స్టేట్‌ను, 2025లో టెక్సస్ స్టేట్‌ను కూడగట్టారు. ఫుట్‌బాల్ లేని గొంజాగా మిగతా ఆటల కోసం చేరింది. కొత్త పాక్-12 మొదలయ్యే తేదీ 2026 జులై 1.

ఇందులో మనకు పనికొచ్చేవి మూడు. ఒప్పందం గడువు ముగియకముందే కొత్తది చేతిలో ఉండాలి. వెళ్తానన్నవాడికి ఓటు ఉంటుందో లేదో ముందే రాసి ఉండాలి. ఎన్ని జట్లుంటే లీగ్ ఉన్నట్టో ఒక అంకె ఉండాలి. మన లీగ్‌లో కోట్ల టీవీ డబ్బు లేదు కాబట్టి ఇవి మనకు వర్తించవని అనుకోవద్దు. మన దగ్గర ఆ డబ్బు స్థానంలో బస్సు ఖర్చు ఉంటుంది, కూటమిని విడగొట్టడంలో అది కూడా అంతే పని చేస్తుంది.

ముందు ఎవరు ఉంటున్నారో తేల్చుకోండి

ఫోన్లో ‘వస్తాం లెండి సార్’ అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర ఉన్న సమ్మతి పత్రం కావాలి. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సంతకం ఒక్కటే చాలదు, పీడీ బదిలీ అయితే ఆ మాట ఆయన వెంటే పోతుంది. పత్రంలో నాలుగు విషయాలుండాలి: ఎన్ని సీజన్లకు ఒప్పుకుంటున్నారు (రెండు సీజన్లు మంచి అంకె), ఏ ఆటల్లో, అబ్బాయిల జట్టా అమ్మాయిలదా రెండూనా, సొంత గ్రౌండ్ ఏ నెల నుంచి ఏ నెల దాకా ఖాళీగా ఉంటుంది.

వెళ్లిపోతున్న కాలేజీని కూడా కూర్చోబెట్టి కారణం అడిగి రాసుకోండి. వినిపించే కారణాలు సాధారణంగా అయిదే: ప్రయాణం దూరం, సెమిస్టర్ పరీక్షలతో తేదీల తగాదా, గ్రౌండ్ లేదు, మేనేజ్‌మెంట్ టీఏ డీఏ ఇవ్వడం లేదు, ఒకే జట్టు ప్రతి ఏడూ గెలుస్తోంది. మొదటి రెండూ అయితే తప్పు ఫిక్చర్‌లో ఉంది, సరిచేస్తే ఆ కాలేజీ తిరిగి రావచ్చు.

కనీస సంఖ్య కూడా ఇక్కడే పెట్టుకోండి. ఒక పూల్‌లో, అంటే తమలో తాము ఆడుకునే ఒక జోన్ జట్ల గుంపులో, నలుగురికి తగ్గితే అది లీగ్ అనిపించుకోదు. ముగ్గురుంటే ఒక్కో జట్టుకు రెండు మ్యాచ్‌లే దక్కుతాయి. ఒక్క వాకోవర్ (ప్రత్యర్థి రాక ఆడకుండానే దక్కే గెలుపు) పడితే పట్టిక మొత్తం తలకిందులవుతుంది.

జిల్లా గీత పక్కన పెట్టి రైలు పటం చూడండి

జోన్లు గీసేటప్పుడు జరిగే అతి పెద్ద పొరపాటు జిల్లాల వారీగా విడగొట్టడం. జట్టుకు కావలసింది పొద్దున బయల్దేరి, ఆడి, అదే రోజు ఇంటికి చేరడం. దాన్ని గంటల్లో కొలవాలి. ఒకవైపు ప్రయాణం రెండున్నర గంటలు దాటితే రాత్రి బస ఖర్చు తగులుతుంది. అమ్మాయిల జట్లకు రెండు గంటలే గరిష్ఠం అనుకోండి. చీకటి పడేలోపు తిరిగి రాలేకపోతే తల్లిదండ్రులు పంపరు, ఆ జట్టు మెల్లగా లీగ్ నుంచి జారిపోతుంది.

రైలు పటం ఒకసారి పరచి చూడండి. గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప ఒకే లైను మీద ఉన్నాయి. గుత్తి నుంచి డోన్ మీదుగా కర్నూలు పోవచ్చు. అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగళూరు వైపు లైను. ఆదోని కర్నూలు జిల్లాలో ఉన్నా అక్కడి నుంచి రైలెక్కితే ముందు చేతికందేది గుంతకల్లే, దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఆదోని నుంచి కర్నూలుకు రోడ్డు మీద 100 దాకా ఉంటుంది. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల వెళ్లే లైను ప్రొద్దుటూరు మీదుగా పోతుంది.

14 జట్లున్న ఒక లీగ్ అనుకుందాం. కర్నూలు పట్టణం నుంచి రెండు, అనంతపురం నుంచి రెండు, కడప నుంచి రెండు, నంద్యాల, డోన్, ఆదోని, గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం, తాడిపత్రి, ప్రొద్దుటూరు నుంచి ఒక్కొక్కటి. పాత జిల్లాల వారీగా చూస్తే గుంతకల్లు అనంతపురంతో, నంద్యాల కర్నూలు పక్షాన ఉండాలి. రైలు, రోడ్డు చూసి పంచితే ఇలా వస్తుంది:

ఉత్తర పూల్: కర్నూలు రెండు, డోన్, గుంతకల్లు, ఆదోని.
దక్షిణ పూల్: అనంతపురం రెండు, ధర్మవరం, హిందూపురం, తాడిపత్రి.
తూర్పు పూల్: కడప రెండు, ప్రొద్దుటూరు, నంద్యాల.

నంద్యాలకు కర్నూలే దగ్గర, సుమారు 75 కిలోమీటర్లు, కాదనలేం. అలాంటి జట్టును అంచు జట్టు అనండి. ఏ పూల్‌లో ఉంటారో వాళ్లనే అడగండి, చెప్పిన మాట రెండు సీజన్లకు కట్టుబడాలి. నంద్యాల ఉత్తరానికి వస్తానంటే ఆదోనో గుంతకల్లో దక్షిణానికి జరగాలి, తూర్పు పూల్ నాలుగుకు తగ్గకుండా తాడిపత్రి అటు పోవాలి. ఒక రాయి కదిపితే మూడు కదులుతాయి కాబట్టి అంచు జట్ల మాట ముందు తేల్చుకుని ఆ తర్వాతే మిగతావి గీయండి. సెమీఫైనల్స్, ఫైనల్ గుత్తిలాంటి చోట పెడితే మూడు వైపుల వాళ్లకూ రైలుంటుంది, కర్నూలు, అనంతపురం వాళ్లకు 44వ నంబరు హైవే కూడా ఉంది.

ఆటను బట్టి జోన్లు మార్చుకోవచ్చు. ఈ సంగతి మరిచిపోయే అమెరికాలో చిన్న ఆటల పిల్లలు నలిగిపోయారు. వారానికొక మ్యాచ్ ఆడే ఫుట్‌బాల్ కోసం కూటములు మారాయి. వారంలో రెండు మూడు సార్లు ఆడే వాలీబాల్, సాఫ్ట్‌బాల్ జట్లు కూడా ఆ కూటమితో పాటే దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగాల్సి వచ్చింది. న్యూజెర్సీలోని రట్గర్స్, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ ఇప్పుడు ఒకే కూటమిలో ఉన్నాయి. కబడ్డీకి 12 మంది ఆటగాళ్లు, మేనేజరు, కోచ్ కలిసి ఒక టెంపో ట్రావెలర్‌లో పడతారు. క్రికెట్‌కు 15 మంది, పైగా కిట్ బ్యాగులు. కబడ్డీ జట్టును ఇంకాస్త దూరం తిప్పినా ఖర్చు తట్టుకోగలరు. రెండింటికీ ఒకే జోన్ పటం ఉండాలన్న రూలేమీ లేదు.

మ్యాచ్‌ల లెక్క

జట్ల సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువ అంకెతో గుణించి సగం చేస్తే ఒక్క రౌండ్ లీగ్‌లో మ్యాచ్‌ల సంఖ్య వస్తుంది. 14 జట్లు అందరితో అందరూ ఆడితే 91 మ్యాచ్‌లు, ఏ కాలేజీ క్యాలెండర్‌లోనూ పట్టవు. ఏడేసి జట్లతో రెండు పూల్స్ చేస్తే 42. పైన చెప్పినట్టు 5, 5, 4 చేస్తే 10, 10, 6 కలిపి 26. రెండు సెమీలు, ఒక ఫైనల్ కలిపితే 29. ఒక సెమిస్టర్‌లో పూర్తయ్యే అంకె ఇదే.

సెమీస్‌కు మూడు పూల్స్ విజేతలు, వాళ్లతో పాటు రెండో స్థానాల్లో మెరుగైన జట్టు ఒకటి వస్తాయి. ఇక్కడ ఒక గోతిలో పడకండి. అయిదు జట్ల పూల్‌లో రెండో జట్టు నాలుగు మ్యాచ్‌లు ఆడుతుంది, నాలుగు జట్ల పూల్‌లో మూడే. పాయింట్లు నేరుగా పోలిస్తే నంద్యాలకో ప్రొద్దుటూరుకో అన్యాయం. అయిదు జట్ల పూల్స్‌లో రెండో స్థానం జట్టు ఆఖరి స్థానం జట్టుతో ఆడిన మ్యాచ్ ఫలితాన్ని తీసేసి పోల్చాలి. అప్పుడు అందరికీ మూడేసి మ్యాచ్‌లే మిగులుతాయి. ఈ రూలు సీజన్ మొదలయ్యే ముందే అచ్చువేసి ఇవ్వాలి. పట్టిక చూశాక పెట్టిన రూలును ఎవరూ నమ్మరు.

అయిదు జట్ల ఫిక్చర్ చేత్తో గీయడం

అయిదు బేసి సంఖ్య కాబట్టి ప్రతి రౌండ్‌లో ఒకరికి బై వస్తుంది, అంటే ఆ రౌండ్‌లో వాళ్లకు మ్యాచ్ ఉండదు. కింద ముందు రాసిన అంకె సొంత గ్రౌండ్ జట్టు.

మొదటి రౌండ్: 2–5, 3–4. ఒకటికి బై.
రెండో రౌండ్: 3–1, 4–5. రెండుకు బై.
మూడో రౌండ్: 4–2, 5–1. మూడుకు బై.
నాలుగో రౌండ్: 5–3, 1–2. నాలుగుకు బై.
అయిదో రౌండ్: 1–4, 2–3. అయిదుకు బై.

లెక్కపెట్టి చూడండి: పది జోడీలూ ఒక్కోసారి వచ్చాయి, ప్రతి జట్టుకూ రెండు సొంత గ్రౌండ్ మ్యాచ్‌లు, రెండు బయటి మ్యాచ్‌లు. చాలామంది ఈ అంకెలకు లాటరీ తీసి పేర్లు పెడతారు. తీయండి, కానీ ముందు రెండు ఇబ్బందులు చూసుకున్నాకే. ఒకటో అంకె జట్టుకు సొంత మ్యాచ్‌లు నాలుగు, అయిదు రౌండ్లలో ఉన్నాయి. పిచ్ చదును కాని కాలేజీకో, గ్రౌండ్ ఏ సభకో ఇచ్చేసిన కాలేజీకో ఆ అంకె ఇవ్వాలి. మూడో అంకె జట్టు మొదటి రెండు రౌండ్లూ సొంత గ్రౌండ్‌లోనే ఆడుతుంది. చివర్లో యూనివర్సిటీ పరీక్షా కేంద్రం పడే కాలేజీకి అది సరిపోతుంది.

ఒకే పట్టణంలో రెండు జట్లు ఒకే గ్రౌండ్ వాడుకుంటే, అనంతపురం జట్లే అనుకోండి, ఇద్దరికీ ఒకే రౌండ్‌లో సొంత మ్యాచ్ రాకూడదు. పై పట్టికలో 1–3, 1–4, 2–4, 2–5, 3–5 జంటల్లో ఏది ఇచ్చినా గ్రౌండ్ కొట్లాట రాదు. 1–2, 2–3, 3–4, 4–5, 1–5 జంటలకు ఒక రౌండ్‌లో తప్పకుండా వస్తుంది. వాటిని ఇవ్వొద్దు.

బై ఉన్న జట్టును ఖాళీగా వదలకండి. ఆ రౌండ్‌కు స్కోరర్, లైన్ అంపైర్లు వాళ్ల నుంచి రావాలని రాసుకుంటే అధికారుల ఖర్చు కొంత తగ్గుతుంది. ఆ మ్యాచ్‌లో గెలుపు ఓటముల వల్ల వాళ్ల స్థానం మారే పరిస్థితి ఉంటే మాత్రం వేరే పూల్ వాళ్లను పిలవండి.

నాలుగు జట్ల పూల్‌కు మూడు రౌండ్లు చాలు: 1–4, 2–3, తర్వాత 3–1, 4–2, తర్వాత 1–2, 3–4. ఇక్కడ సొంత మ్యాచ్‌లు సమానంగా రావు, కొందరికి రెండు, కొందరికి ఒకటి. మరుసటి సీజన్‌లో తిరగేయాలి.

ప్రయాణ ఖర్చు పంచుకోవడం

లీగ్‌లు చెదిరేది ఇక్కడే. దక్షిణ పూల్‌లో హిందూపురం జట్టు అనంతపురం రావాలంటే ఒకవైపు 110 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అనంతపురం జట్లు ఒకదానితో ఒకటి ఆడేటప్పుడు ఆటో చార్జీలతో సరిపోతుంది. గెలిచినా ఓడినా ఒకరు ఎక్కువ ఖర్చు పెట్టుకుంటూ పోతే రెండో ఏడాది ఆ కాలేజీ మేనేజ్‌మెంట్ చేతులెత్తేస్తుంది. అమెరికాలో బిగ్ 12కు 2010 ప్రాంతంలో పట్టిన తెగులు కూడా ఇలాంటిదే. ఆదాయం పంపకం సమంగా లేదన్న గుర్రు, టెక్సస్ యూనివర్సిటీ సొంత టీవీ చానల్ మీద అసంతృప్తి కలిసి 2011, 2012లో నెబ్రాస్కా, కొలరాడో, మిజూరి, టెక్సస్ ఏ అండ్ ఎం బయటికి నడిచాయి.

సీజన్ ముందు ఒక్కో జట్టు బయటి మ్యాచ్‌లకు కిలోమీటరు రేటు, రానూపోనూ దూరం, డ్రైవర్ బత్తా కలిపి అంచనా వేయండి. దక్షిణ పూల్‌లో హిందూపురానికి 16,000, తాడిపత్రికి 12,000, ధర్మవరానికి 8,000, అనంతపురం జట్లకు చెరో 7,000 వచ్చాయనుకుందాం. మొత్తం 50,000, తలా 10,000. అనంతపురం జట్లు చెరో 3,000, ధర్మవరం 2,000 ఉమ్మడి నిధిలో వేస్తాయి. హిందూపురం 6,000, తాడిపత్రి 2,000 తీసుకుంటాయి. వచ్చిన 8,000, పోయిన 8,000 సరి. ఈ డబ్బు మొదటి రౌండ్‌కు ముందే చేతులు మారాలి. సీజన్ అయ్యాక ఇస్తామన్న డబ్బు రాదు. బిల్లులు చూసి తేడా ఉంటే ఫైనల్ రోజు సర్దుకోవచ్చు.

పట్టణంలోని పెద్ద కాలేజీలు మొదట ఒప్పుకోవు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటే: హిందూపురం, తాడిపత్రి పోతే పూల్‌లో మిగిలేది ముగ్గురు, ఆ ముగ్గురికి ఒక్కో జట్టుకు రెండేసి మ్యాచ్‌లు.

ఒప్పంద పత్రంలో ఏముండాలి

రెండు పేజీలు చాలు, కానీ కింది మాటలు తప్పకూడదు. తప్పుకోవాలనుకునేవాళ్లు ఏప్రిల్ 30లోగా రాతపూర్వకంగా చెప్పాలి, ఆ తేదీ దాటితే డిపాజిట్ పోతుంది. ఎంట్రీ ఫీజు 3,000 అయితే డిపాజిట్ 5,000 పెట్టండి. డిపాజిట్ ఫీజు కన్నా తక్కువుంటే ఎవరూ లెక్కచేయరు. తప్పుకుంటున్నట్టు నోటీసిచ్చిన రోజు నుంచి వచ్చే సీజన్ విషయాల్లో ఆ కాలేజీకి ఓటుండదు, ఈ సీజన్ విషయాల్లో ఉంటుంది. ఈ ఒక్క వాక్యం స్పష్టంగా లేకే పాక్-12 కోర్టుకు పోయింది. బ్యాంకు ఖాతాలో మిగిలిన డబ్బు, కప్పులు, నెట్లు, స్కోర్‌బోర్డు ఉండేవాళ్లవే.

కొత్తగా వచ్చేవాళ్ల షరతులు కూడా రాయండి. టెక్సస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్ఎంయూ) తొమ్మిదేళ్లపాటు టీవీ వాటా వదులుకోవడానికి ఒప్పుకుని ఏసీసీలో చేరింది. ఓరెగాన్, వాషింగ్టన్ కూడా మొదట తక్కువ వాటాకే బిగ్ టెన్‌లోకి పోయాయి. మన దగ్గర కొత్త కాలేజీకి మొదటి సీజన్ ప్రయాణ నిధి నుంచి తీసుకునే హక్కు ఉంటుందా లేదా అన్నది ముందే తేలాలి. మా అభిప్రాయం: ఉండాలి. దూరం నుంచి వచ్చే కొత్త జట్టుకే ఆ అవసరం ఎక్కువ.

పాత పోటీలను కాపాడుకోవడానికీ ఒక మాట పెట్టండి. జోన్లు మారితే ఏళ్లనాటి ప్రత్యర్థులు విడిపోతారు. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ మధ్య జరిగే ఆపిల్ కప్ మామూలుగా నవంబరు చివర్లో ఉండేది. వేర్వేరు కూటములైపోయాక 2024లో దాన్ని సెప్టెంబరులో, కూటమి లెక్కలోకి రాని మ్యాచ్‌గా ఆడారు. మన దగ్గర కూడా విడిపోయిన జంటకు సీజన్ మొదటి వారంలో పాయింట్లు లేని మ్యాచ్ ఒకటి కట్టేయండి. గ్రౌండ్‌కు జనం వచ్చేది దానికే.

తేదీలు

లీగ్‌కు మంచి కాలం డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా, మధ్యలో సంక్రాంతి వారం వదిలేసి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు కడప వైపు గ్రౌండ్లను తడిపేస్తాయి. నల్లరేగడి ఉన్న చోట ఒక్క వాన పడితే రెండు మూడు రోజులు కాలు పెట్టలేం. మార్చి వస్తే ఎండ. మధ్యాహ్నం మ్యాచ్‌లు పెట్టడం పిల్లల ఆరోగ్యంతో ఆడుకోవడమే. తప్పనిసరి అయితే పొద్దున ఏడుకు మొదలుపెట్టి పదిన్నరకు ముగించాలి.

డిసెంబరులో ఒకే పిచ్ మీద రెండు టీ20లు పెడితే మొదటిది 9 గంటలకు, రెండోది 1 గంటకు మించకుండా మొదలవ్వాలి. ఒక్కో మ్యాచ్‌కు మూడున్నర గంటలు వేసుకోండి. అయిదున్నర దాటితే బంతి కనిపించదు. యూనివర్సిటీ సెలక్షన్ తేదీలు, సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ రాకముందే ఫిక్చర్ అచ్చువేయొద్దు. వేసినా రెండు రిజర్వ్ ఆదివారాలు వదలండి.

పట్టికలో దొర్లే పొరపాట్లు

క్రికెట్‌లో నెట్ రన్ రేట్ (ఓవర్‌కు సగటున చేసిన పరుగుల్లోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చే తేడా) దగ్గరే ఎక్కువ గొడవలు. ఒక జట్టు 20 ఓవర్లలో 142 కొట్టింది. ప్రత్యర్థి 18.4 ఓవర్లలో 138కి ఆలౌటైంది. ఆలౌటైన జట్టుకు పూర్తి 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క. కాబట్టి 142ను 20తో భాగిస్తే 7.10, 138ను 20తో భాగిస్తే 6.90, తేడా ప్లస్ 0.20. స్కోరర్ 138ను 18.4తో భాగించాడనుకోండి, 7.50 వస్తుంది, గెలిచిన జట్టుకు మైనస్ 0.40 పడుతుంది. ఒక్క మ్యాచ్ ఆడి గెలిచిన జట్టు పక్కన మైనస్ కనిపిస్తే లెక్క తప్పినట్టే. ఇంకో తప్పు కూడా ఇందులోనే ఉంది: 18.4 ఓవర్లంటే 18 ఓవర్ల 4 బంతులు, దశాంశంలో 18.67. ఛేజింగ్ జట్టు మధ్యలో గెలిచినప్పుడు ఇది గుర్తుండాలి. వాకోవర్ మ్యాచ్‌లను రన్ రేట్‌లో కలపొద్దు.

వాలీబాల్‌లో 3–0, 3–1 గెలుపుకు 3 పాయింట్లు ఇచ్చి, 3–2 అయితే గెలిచినవాళ్లకు 2, ఓడినవాళ్లకు 1 ఇచ్చే అంతర్జాతీయ పద్ధతి మన పూల్స్‌కూ బాగుంటుంది.

సీజన్ మధ్యలో ఒక జట్టు మానేస్తే ఏం చేయాలి? సగం కన్నా తక్కువ మ్యాచ్‌లు ఆడి ఉంటే వాళ్ల ఫలితాలన్నీ కొట్టేయండి. సగమో అంతకన్నా ఎక్కువో ఆడి ఉంటే ఉన్న ఫలితాలు ఉంచి, మిగిలినవి ప్రత్యర్థులకు వాకోవర్ ఇవ్వండి. కొట్టేసిన పక్షంలో రెండో స్థానాల పోలిక కూడా మారుతుంది. నాలుగుకు తగ్గిన పూల్‌లో ఆఖరి జట్టు ఫలితం ఇక తీసేయకూడదు.

ఒంటరిగా మిగిలిన జట్టు

చుట్టుపక్కల కాలేజీలన్నీ తప్పుకుని మూలన ఒక్కటే మిగిలే సందర్భం వస్తుంది. దక్షిణ పూల్ నుంచి ధర్మవరం పోయిందనుకోండి, హిందూపురానికి అన్నీ దూరమే. ఆ జట్టును వదిలేయకండి. వాళ్లకు రెండు శని, ఆదివారాలు కేటాయించి అనంతపురంలో ఒకే విడిదిలో మిగిలిన మూడు జట్లతో మూడు మ్యాచ్‌లు పూర్తిచేయించవచ్చు: మొదటి వారం శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, రెండో వారం ఇంకొకటి. హాస్టల్‌లో ఒక రాత్రి బస, రెండు పూటల భోజనం ఆతిథ్య కాలేజీ చూసుకుంటుంది, దాని ఖర్చు ప్రయాణ నిధి నుంచి తీసివేస్తారు. అమ్మాయిల జట్టయితే మహిళా మేనేజరు వెంట ఉండాలి, అమ్మాయిల హాస్టల్లోనే బస, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు ఫైల్లో ఉండాలి. సొంత గ్రౌండ్‌లో ఒక్క మ్యాచైనా కావాలని వాళ్లు అడుగుతారు, అడగడం న్యాయమే. పాయింట్లు లేని పాత ప్రత్యర్థి మ్యాచ్‌ను హిందూపురంలో పెట్టండి.